ఒక మండలం, నాలుగు సెమిస్టర్లు: భూగోళశాస్త్ర విద్యార్థులను జీఐఎస్ ఉద్యోగాలకు సిద్ధం చేసే పద్ధతి

"రెండు లేయర్లు తెరిచావు. రెండూ ఒకే ఊరివి. కానీ ఒకదాని మీద ఒకటి కూర్చోవడం లేదు. ఏం చేస్తావు?" జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో పటాలనూ వాటి వెనకున్న సమాచారాన్నీ పొరలుగా (లేయర్లుగా) పెట్టి విశ్లేషించే వ్యవస్థ. ఆ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్న తరచూ వస్తుంది. రిమోట్ సెన్సింగ్ పేపర్లో మంచి మార్కులు తెచ్చుకున్న ఎమ్మెస్సీ జాగ్రఫీ విద్యార్థులు కూడా ఇక్కడ తడబడుతుంటారు. జీఐఎస్ నిర్వచనం అడిగితే గడగడా చెబుతారు, వెక్టర్‌కూ (గీతలు, బిందువులు) రాస్టర్‌కూ (పిక్సెళ్ల గళ్లు) తేడా పట్టిక గీసి చూపిస్తారు. తమ చేతిలో చెడిపోయిన డేటాను సరిచేసిన అనుభవం మాత్రం ఉండదు. లోపం పిల్లలది కాదు, మనం నేర్పే వరుసది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో, డిగ్రీ కళాశాలల్లో జాగ్రఫీ చెప్పే అధ్యాపకులను ఉద్దేశించి ఈ మార్గదర్శి రాస్తున్నాను. సొంతంగా నేర్చుకునే విద్యార్థులకూ ఇదే వరుస పనికొస్తుంది. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒక్కటే: ప్రతి విద్యార్థికీ మొదటి సెమిస్టర్లోనే ఒక మండలం అప్పగించండి. రెండేళ్ల ప్రాక్టికల్స్ అన్నీ ఆ నేల మీదే జరగాలి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే నమూనా డేటాలో తప్పులు ఉండవు, అందుకే అది ఏమీ నేర్పదు.

మొదటి అడుగు: ఉద్యోగాలు ఎక్కడున్నాయో చూపించడం

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఈ పని చేయాలి. జాగ్రఫీ చదివితే టీచర్ కావాలి, లేదా గ్రూప్స్ రాయాలి అనుకునే విద్యార్థికి తన పక్కనే ఏముందో తెలియదు. దేశంలో ఈ రంగానికి హైదరాబాద్ ఒక పెద్ద కేంద్రం. బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉంది. 1974లో ఎన్‌ఆర్‌ఎస్‌ఏగా పుట్టి, 2008లో ఇస్రోలో భాగమైంది. ఉపగ్రహాల నుంచి డేటా అందుకునే దాని స్టేషన్ షాద్‌నగర్ దగ్గర ఉంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ నిగ్‌స్ట్, రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీ, పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, సముద్ర సమాచారానికి ఇన్‌కాయిస్ ఉన్నాయి. రాష్ట్రాల స్థాయి రిమోట్ సెన్సింగ్, అంతరిక్ష అనువర్తన కేంద్రాలుగా తెలంగాణకు టీజీరాక్, ఆంధ్రప్రదేశ్‌కు ఏపీశాక్ పనిచేస్తున్నాయి. ప్రైవేటులో, 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలైన సైయెంట్ ఈ నగరానిదే. యాపిల్ తన మ్యాప్స్ పనుల కోసం 2016లో హైదరాబాద్‌లో కేంద్రం తెరిచింది.

పని తీరును బట్టి ఉద్యోగాలు నాలుగు రకాలు. మొదటిది ప్రొడక్షన్: రోడ్లు, భవనాలు, పైపులైన్లు, కేబుళ్లు డిజిటైజ్ చేయడం (చిత్రం చూసి కంప్యూటర్‌లో గీయడం), ఇతరులు చేసినదాన్ని క్వాలిటీ చెక్ చేయడం. ఫ్రెషర్లకు ఎక్కువగా తెరుచుకునే ద్వారం ఇదే. రెండోది విశ్లేషణ: పంటలు, వరదలు, నగర విస్తరణ, భూగర్భ జలాలు. మూడోది జీఐఎస్ డెవలపర్: వెబ్ మ్యాపులు, డేటాబేస్‌లు. నాలుగోది ప్రభుత్వ ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు పద్ధతిలో దొరికే ప్రాజెక్ట్ అసోసియేట్, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) తరహా కొలువులు. ప్రొడక్షన్ పనిని చిన్నచూపు చూడనివ్వకండి, కానీ అక్కడే ఏళ్ల తరబడి చిక్కుకుపోయే ప్రమాదాన్నీ దాచకండి. మొదటి రకం నుంచి రెండో రకానికి ఎవరు దాటుతారన్నది కళాశాలలో వాళ్లు నేర్చుకున్నదాన్ని బట్టే ఉంటుంది.

ఈ రంగం ఇప్పుడే ఎందుకు తెరుచుకుంటోందో కూడా చెప్పాలి. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాలతో, మ్యాపులు తయారుచేసే భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల బెడద చాలావరకు తొలగింది. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. 2025 ఫిబ్రవరిలో పట్టణ భూముల సర్వేకు 'నక్షా' కార్యక్రమం మొదలైంది. ఊళ్లలో రీసర్వే, డ్రోన్లు అన్న మాటలు రైతుల నోట కూడా వినిపిస్తున్నాయి. పని ఉంది, చేయగలిగినవాళ్లు కావాలి.

రెండో అడుగు: మండలాన్ని ఎంచుకోవడం

విద్యార్థి సొంత మండలమైతే మేలు. కాకపోతే బస్సులో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినది ఉండాలి. అందులో ఒక పెద్ద చెరువు, విస్తరిస్తున్న ఒక ఊరి అంచు, ఒక ప్రధాన రహదారి ఉంటే రెండేళ్లకు సరిపడా పని దొరుకుతుంది.

చాలామంది జాగ్రఫీ విద్యార్థులు పల్లెల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. ఇంగ్లిష్ రాదని కుంగిపోతారు. కానీ కట్ట, తూము, అలుగు, ఆయకట్టు, శిఖం భూమి వాళ్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. చెరువు నిండితే నీళ్లు ఏ పొలంలోంచి పోతాయో వాళ్ల తాతలు చూపించి ఉంటారు. నగరంలో రోజూ వార్తల్లో నలుగుతున్న ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి అలుగు పారే మట్టం. అలుగు ఎత్తు తెలియకుండా ఆ హద్దు గీయడం కుదరదు. కోడింగ్ బాగా వచ్చిన ఇంజనీరింగ్ పట్టభద్రుడికి ఈ సంగతి ఒకరు చెప్పాలి. మన విద్యార్థికి ఇది ఇంటి నుంచి వచ్చిన జ్ఞానం. దాన్ని పనిముట్టుగా మార్చడమే మనం చేయాల్సింది.

మూడో అడుగు: ప్రొజెక్షన్లు, ఓపికగా

గుండ్రటి భూమిని చదునైన పటం మీదికి దించే పద్ధతే ప్రొజెక్షన్. ఈ అడుగు మీద నెల రోజులు గడిపినా తప్పులేదు. తర్వాత వచ్చే తప్పుల్లో పెద్ద వాటా ఇక్కడే పుడుతుంది. సిలిండ్రికల్, కోనికల్, జెనిథల్ అని బొమ్మలు గీయించడం మనకు అలవాటు. అది ఉండనివ్వండి. దాని పక్కన ఈ నాలుగు పనులు చేయించండి.

ఒకటి. విద్యార్థి తన మండలంలోని చెరువును ఉపగ్రహ చిత్రం మీద గీయాలి. దాని విస్తీర్ణాన్ని మూడు కోఆర్డినేట్ వ్యవస్థల్లో కొలవాలి. వాటి ఈపీఎస్‌జీ కోడ్ నంబర్లు: 4326 (అక్షాంశ రేఖాంశాల డిగ్రీలు), 3857, 32644 (కింద చెప్పబోయే యూటీఎం 44 ఉత్తరం, మీటర్లలో). ఉచిత జీఐఎస్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ మామూలుగా ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి దగ్గరగా ఉండే గోళాభం) మీద లెక్కగట్టి తప్పును కప్పేస్తుంది. అందుకే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఎలిప్సాయిడ్‌ను తీసేసి, సమతలం మీద కొలవమనాలి. 4326లో జవాబు చదరపు డిగ్రీల్లో వస్తుంది, ఎవరికీ పనికిరాదు. 3857 అంటే ఆన్‌లైన్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్. అందులో విస్తీర్ణం తిరుపతి దగ్గర సుమారు 6 శాతం, హైదరాబాద్ దగ్గర 10 శాతం, ఆదిలాబాద్ దగ్గర 13 శాతం పెరిగి కనిపిస్తుంది. వంద ఎకరాల చెరువు హైదరాబాద్‌లో నూటపది ఎకరాలైపోతుంది. ఎకరం ధర తెలిసిన పిల్లలకు ఆ పదెకరాల బరువు వేరే చెప్పనక్కర్లేదు.

రెండు. యూటీఎం జోన్లు. ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల రేఖాంశ పట్టీలుగా విడగొట్టి, మీటర్లలో కొలిచే పద్ధతి యూటీఎం. చాలామంది 'మనది 44 ఉత్తరం' అని బట్టీపట్టి వదిలేస్తారు. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ వరకు అది నిజమే. 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పడమరన ఉన్న అనంతపురం, ఆదోని, నారాయణపేట, జహీరాబాద్ 43లోకి వస్తాయి. 84 డిగ్రీలు దాటిన పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. అంటే ఒక్క ఆంధ్రప్రదేశే మూడు జోన్లలో పరుచుకుని ఉంది. తరగతిలో విద్యార్థుల మండలాలన్నీ ఒక పటం మీద పెట్టి, ఎవరిది ఏ జోనో వాళ్లనే తేల్చమనండి. జిల్లా రెండు జోన్లలో పడితే ఏం చేయాలన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఆ చర్చను తొందరపడి ముగించకండి.

మూడు. పాత టోపోషీట్, అంటే సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాల్లో పాతవి ఎవరెస్ట్ గోళాభం ఆధారంగా, పాలీకోనిక్ ప్రొజెక్షన్లో గీసినవి. హైదరాబాద్ ప్రాంతం 56కే షీట్లలో ఉంటుంది. కొత్త ఓపెన్ సిరీస్‌లో అదే ప్రాంతం ఈ44 కింద, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84లో వస్తుంది. పాత షీట్ మూలల అక్షాంశ రేఖాంశాలను నేరుగా డబ్ల్యూజీఎస్ 84గా ఇచ్చి జియోరెఫరెన్స్ చేయమనండి (స్కాన్ చేసిన పటాన్ని భూమి మీద దాని చోట కూర్చోబెట్టడం). మన ప్రాంతంలో పటం వంద మీటర్లు దాటి పక్కకు జరుగుతుంది. తర్వాత డేటమ్ (కొలతలకు ఆధారమైన గోళాభం, దాని స్థానం) సరిగ్గా ఇచ్చి మళ్లీ చేయమనండి. ఆర్‌ఎంఎస్ ఎర్రర్ (ఇచ్చిన బిందువులు ఎంత బాగా సరిపోయాయో చెప్పే సగటు తేడా) తక్కువగా వచ్చినంత మాత్రాన పటం సరైన చోట కూర్చున్నట్టు కాదని ఈ ఒక్క అభ్యాసంతో అర్థమవుతుంది. మొదటిసారి కూడా ఎర్రర్ తక్కువే వచ్చి ఉంటుంది కదా.

నాలుగు. బఫర్, అంటే ఒక ఆకారం చుట్టూ నిర్ణీత దూరం వరకు గీసే వలయం. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్ అని భవన నిబంధనలు చెబుతున్నాయి. 4326లో ఉన్న లేయర్‌కు బఫర్ 30 అని కొడితే 30 డిగ్రీల వలయం వస్తుంది. ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, కాబట్టి చెరువు బఫర్ దేశ సరిహద్దులు దాటి పోతుంది. ఆ తెర చూశాక 'ముందు ప్రొజెక్షన్ చూడు' అని మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

ఇక్కడే ఇంకో విషయం గట్టిగా నాటాలి. 'అసైన్ ప్రొజెక్షన్' డేటాను కదపదు, దాని మీద ఉన్న చీటీని మాత్రమే మారుస్తుంది. 'రీప్రొజెక్ట్' అంకెలనే మారుస్తుంది. మొదట్లో అడిగిన ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఈ తేడాలో ఉంది: ముందు రెండు లేయర్ల సీఆర్‌ఎస్ (కోఆర్డినేట్ వ్యవస్థ) చూడాలి, చీటీ తప్పుగా ఉంటే సరిచేయాలి, ఆ తర్వాతే రీప్రొజెక్ట్ చేయాలి.

నాలుగో అడుగు: డేటా తెచ్చుకోవడం, శుభ్రం చేయడం

ఎక్కడ దొరుకుతుందో ముందు చెబుతాను. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో టోపోషీట్లు, సరిహద్దులు. ఇస్రో వారి భువన్‌లో 30 మీటర్ల కార్టోడెమ్ (డెమ్ అంటే నేల ఎత్తులను గళ్లలో చూపే డేటా), లిస్-3 ఉపగ్రహ కెమెరా చిత్రాలు. 2009లో మొదలైన ఈ వేదిక మన విద్యార్థులకు తప్పకుండా తెలియాలి. భూనిధి పోర్టల్‌లో ఇస్రో ఉపగ్రహాల డేటా. యూరప్ వారి కోపర్నికస్‌లో సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలు. 2008 నుంచి ఉచితమైన, అమెరికా వారి ల్యాండ్‌శాట్. రోడ్లు, భవనాలకు ఎవరైనా సవరించగల ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. జనాభాకు 2011 సెన్సస్.

సెన్సస్ దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది, అసలు చదువు కూడా. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలు. 2014లో రాష్ట్రం విడిపోయింది, భద్రాచలం చుట్టుపక్కల కొన్ని మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరులో తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. వందకు పైగా కొత్త మండలాలు పుట్టాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇప్పుడు ఒక విద్యార్థి 'మా మండలం జనాభా 2011లో ఎంత?' అని అడిగితే, ఆ మండలమే అప్పట్లో లేకపోవచ్చు. గ్రామాల స్థాయికి దిగి, సెన్సస్ కోడ్లు పట్టుకుని, ఏ గ్రామం ఏ పాత మండలం నుంచి వచ్చిందో చూసి, తిరిగి కూడాలి. రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ శాఖలతో పనిచేసే ఏ సంస్థకైనా ఈ తలనొప్పి ఉంటుంది. దీన్ని ఒక మండలానికి శుభ్రంగా చేసి, ఎలా చేశారో రెండు పేజీల్లో రాసిన విద్యార్థి ఇంటర్వ్యూలో మాటల కోసం వెతుక్కోడు.

పట్టికను పటంతో జాయిన్ చేసేటప్పుడు ఊరి పేరును కీగా (రెండింటినీ కలిపే గుర్తుగా) వాడొద్దని మొదటి రోజే చెప్పండి. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిషులో ఒక్కో శాఖ ఒక్కోలా రాస్తుంది. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లు ఒకే జిల్లాలో పదేపదే వస్తాయి. కోడ్ ఉంటే కోడ్, లేకపోతే జిల్లా, మండలం, గ్రామం మూడూ కలిపిన కీ. జీఐఎస్‌లో పాత ఫైల్ రకమైన షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరు పది అక్షరాలు దాటితే తెగిపోతుంది, తెలుగు లిపి తరచూ పిచ్చి గుర్తులుగా మారుతుంది. అందుకే కొత్త ఫైల్ రకమైన జియోప్యాకేజ్‌లో దాచడం అలవాటు చేయండి. కంపెనీలు ఇప్పటికీ షేప్‌ఫైల్ పంపుతూనే ఉంటాయి కనుక యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ సరిచేయడం కూడా తెలియాలి.

ఐదో అడుగు: సాఫ్ట్‌వేర్

ఇది త్వరగా ముగించవచ్చు. క్యూజీఐఎస్‌తో మొదలుపెట్టండి, దీర్ఘకాలిక మద్దతున్న వెర్షన్ పెట్టుకోండి, ల్యాబ్‌లో అందరూ ఒకే వెర్షన్ వాడండి. 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ మండలం స్థాయి పనికి చాలు. విభాగంలో ఆర్క్‌జీఐఎస్ లైసెన్స్ ఉంటే మూడో సెమిస్టర్లో అదే పనిని అందులో మళ్లీ చేయించండి. చాలా కంపెనీలు దాన్నే వాడుతున్నాయి. ఒకదాంట్లో ఆలోచన పట్టుబడితే రెండోదాంట్లో బటన్లు వెతుక్కోవడమే మిగులుతుంది. లైసెన్స్ లేదని జీఐఎస్ ల్యాబ్‌కు తాళం వేసి ఉంచడానికి ఈ రోజుల్లో కారణమే లేదు.

డిజిటైజింగ్ మాత్రం కఠినంగా నేర్పండి. స్నాపింగ్ పెట్టి (గీతలు ఒకదానికొకటి అతుక్కునేలా) గీయడం, టోపాలజీ చెకర్‌తో గ్యాప్‌లు, ఓవర్‌ల్యాప్‌లు, డాంగిల్స్ (కొస కలవని గీతలు) పట్టుకోవడం రావాలి. ఒకరి పనిని మరొకరు చెక్ చేసి, తప్పుల జాబితా రాసి తిరిగి ఇవ్వాలి. కంపెనీలో క్వాలిటీ విభాగం చేసేది ఇదే కనుక మొదటి ఉద్యోగంలో ఆ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఆరో అడుగు: ఉపగ్రహ చిత్రం, ఆపైన కాలినడక

పిక్సెల్ అంటే ఏమిటో గుంటల్లో చెప్పండి. సెంటినెల్-2 పిక్సెల్ పది మీటర్లకు పది మీటర్లు, అంటే వంద చదరపు మీటర్లు. ఒక గుంట 101 చదరపు మీటర్లు. కాబట్టి ఒక పిక్సెల్ దాదాపు ఒక గుంట, ఆంధ్రా లెక్కలో రెండున్నర సెంట్లు. ల్యాండ్‌శాట్ 30 మీటర్ల పిక్సెల్ దాదాపు తొమ్మిది గుంటలు. ఇరవై గుంటల మడిలో ఏ పంట ఉందో ల్యాండ్‌శాట్‌తో చెప్పగలమా అని అడిగితే, మీరు వివరించకముందే తరగతి తల అడ్డంగా ఊపుతుంది.

చెరువులో నీటి విస్తీర్ణం నెలనెలా ఎలా మారిందో ఎన్‌డీడబ్ల్యూఐతో (చిత్రంలో నీటిని గుర్తించే సూచీ) గీయించండి. ఎండాకాలంలో శిఖంలో వేసిన పంట, గుర్రపు డెక్క పరుచుకున్న నీళ్లు, ఎండిన ఒండ్రు సూచీలో ఎలా కనిపిస్తాయో చూడాలి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. పూడిక తీయడానికి ముందూ తర్వాతా నీటి విస్తీర్ణం పోల్చడం మంచి డిసర్టేషన్ విషయం. ఒక్క జాగ్రత్త: వానలు ఎక్కువ పడిన ఏడాదిని తక్కువ పడిన ఏడాదితో పోల్చి పథకాన్ని మెచ్చుకోవడమో తిట్టడమో చేయకూడదు. వర్షపాతం లెక్క పక్కన పెట్టుకుని తీరాలి.

కృష్ణా జిల్లా, ఏలూరు వైపు విద్యార్థులకు బుడమేరు, కొల్లేరు ఉన్నాయి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. అప్పుడు ఆకాశమంతా మబ్బులే, సెంటినెల్-2 లాంటి ఆప్టికల్ చిత్రాలతో పని జరగదు. మబ్బుల్లోంచి చూడగల రాడార్, అంటే సెంటినెల్-1 కావాలి. రాడార్‌లో నిలిచిన నీళ్లు నల్లగా కనిపిస్తాయి. కానీ ఇళ్ల మధ్య నిలిచిన నీళ్ల దగ్గర తరంగాలు నీటినీ గోడలనూ తాకి తిరిగి వచ్చి తెల్లగా కనిపించవచ్చు. కాబట్టి పొలాల్లో వరదను బాగా పట్టుకునే పద్ధతి సందుల్లో తప్పుతుంది. కొల్లేరులో చిక్కు మరో రకం. అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమైంది, 2006లో చేపల చెరువుల గట్లు తొలగించారు. సరస్సు నీళ్లూ చేపల చెరువు నీళ్లూ సూచీలో ఒకటే. గట్ల గీతలు, నలుచదరపు ఆకారం చూసి వేరు చేయాలి. పిక్సెల్ విలువ ఒక్కటే చాలదని, ఆకారం, పొరుగు, చరిత్ర కూడా చదవాలని ఇంతకంటే బాగా చెప్పే చోటు నాకు తెలియదు.

వాటర్‌షెడ్ (ఒక వాగులోకి నీళ్లు చేరే ప్రాంతం) గీయించేటప్పుడు స్థలం చూసుకోండి. తెలంగాణ పీఠభూమిలో, రాయలసీమలో 30 మీటర్ల డెమ్‌తో వాగుల వరుస చక్కగా వస్తుంది. చదునైన కృష్ణా, గోదావరి డెల్టాల్లో డెమ్‌లో ఉండే మీటర్ల తేడాలే నేల వాలు కంటే ఎక్కువ, పైగా చెట్ల తలలు, ఇళ్ల కప్పులు కూడా అందులో కలుస్తాయి. కాలువలు, గట్లు నీటిని నడిపించే చోట కంప్యూటర్ గీసిన ప్రవాహాన్ని నమ్మకూడదు.

తర్వాత నేల మీదికి దిగాలి. క్యూఫీల్డ్ యాప్‌తో లేయర్లు ఫోన్లో పెట్టుకుని, యాదృచ్ఛికంగా ఎంచుకున్న బిందువుల దగ్గరికి వెళ్లి, అక్కడ నిజంగా ఏముందో రాసుకుని, ఫొటో తీసి రావాలి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్ల మేర తప్పుతుంది, సరిహద్దు తగాదాలకు అది పనికిరాదని కూడా తెలియాలి. తిరిగొచ్చి ఎర్రర్ మ్యాట్రిక్స్ (పటం చెప్పినదీ నేల మీద ఉన్నదీ పోల్చే పట్టిక) వేసి, యూజర్స్ యాక్యురసీ (పటంలో చూపినదాంట్లో నిజమెంత), ప్రొడ్యూసర్స్ యాక్యురసీ (నేల మీద ఉన్నదాంట్లో పటం పట్టుకున్నదెంత) విడివిడిగా లెక్కగట్టాలి. రోడ్డు పక్క బిందువులే ఎంచుకుని 95 శాతం తెచ్చిన నివేదికకు మార్కులు ఇవ్వకండి. 78 శాతం వచ్చి, పత్తికీ మిర్చికీ ఎక్కడ పొరపడ్డారో వివరించినదానికి ఇవ్వండి.

ఏడో అడుగు: రెవెన్యూ పటాలు

ఇక్కడ మన సిలబస్‌లో పెద్ద ఖాళీ ఉంది. రెండు రాష్ట్రాల్లో భూముల రికార్డుల పని ఏళ్ల తరబడి నడవబోతోంది. ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్), అడంగల్. తెలంగాణలో టిప్పన్, గ్రామ నక్షా, సేత్వార్, పహాణీ. వీటిలో అడంగల్, సేత్వార్, పహాణీ భూమి వివరాల రిజిస్టర్లు, మిగతావి పటాలు. ఎఫ్‌ఎంబీ కొలతలున్న పటం. పాతవాటిలో కొలతలు గొలుసు, లింకుల్లో ఉంటాయి. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, లింకు 20 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. టిప్పన్ స్కేలుకు గీసిన పటం కాదు, కొలతలు రాసిన రేఖాచిత్రం. దాన్ని స్కాన్ చేసి నేరుగా జియోరెఫరెన్స్ చేస్తే తప్పు, కొలతల నుంచి తిరిగి గీయాలి. విద్యార్థి తన కుటుంబానిదో బంధువులదో ఒక సర్వే నంబరు తీసుకుని, పటంలోని విస్తీర్ణాన్నీ ఉపగ్రహ చిత్రం మీద గీసిన విస్తీర్ణాన్నీ పోల్చి, తేడా ఎందుకొచ్చిందో రాయాలి. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు, 40 గుంటలు, 100 సెంట్లు. ఈ మార్పిడి నోటికి రావాలి. రికార్డుల్లో మనుషుల పేర్లు, వివరాలు ఉంటాయి, వాటిని పోర్ట్‌ఫోలియోలో పెట్టకూడదు.

వీలైతే మండల సర్వేయర్‌ను ఒక పూట తరగతికి పిలవండి. డీజీపీఎస్ (సవరణతో కచ్చితత్వం పెంచిన జీపీఎస్), రోవర్ (పొలంలో తిప్పే రిసీవర్), కోర్స్ స్టేషన్ (సవరణలు పంపే శాశ్వత జీపీఎస్ కేంద్రం) అన్న మాటలు పరికరం చేతిలో ఉన్న మనిషి చెబితే వేరుగా ఉంటుంది.

ఎనిమిదో అడుగు: ఎస్‌క్యూఎల్, తర్వాత పైథాన్

వరుస ముఖ్యం. చాలామంది పైథాన్ పేరు విని భయపడి ఆగిపోతారు. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ మామూలు వాక్యంలా ఉంటుంది, త్వరగా ఫలితం ఇస్తుంది. పటాల డేటాబేస్ అయిన పోస్ట్‌జీఐఎస్‌లో మండలం లేయర్లన్నీ ఎక్కించి ఇలాంటి ప్రశ్నలు అడగమనండి: బఫర్ జోన్‌ను తాకే భవనాలు ఎన్ని? రోడ్డుకు రెండు కిలోమీటర్ల అవతల ఉన్న గ్రామాల జనాభా ఎంత? ఏ ఆయకట్టు సర్వే నంబర్లు ప్లాట్లుగా మారాయి? ప్రశ్న తనదైనప్పుడు కోడ్ భయపెట్టదు.

మూడో సెమిస్టర్లో పైథాన్ లైబ్రరీలు జియోపాండాస్, రాస్టరియో. లక్ష్యం చిన్నదిగా ఉండాలి: చేత్తో పన్నెండు సార్లు చేసిన నెలవారీ ఎన్‌డీడబ్ల్యూఐ పనిని ఒక్క స్క్రిప్ట్‌తో చేయడం. ఉపగ్రహ చిత్రాలను గూగుల్ కంప్యూటర్ల మీదే విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్ విద్యాపరమైన వాడకానికి ఉచితం, ల్యాబ్ కంప్యూటర్లు నెమ్మదిగా ఉన్నచోట అది పెద్ద ఊరట. ఏఐ సాధనాలతో కోడ్ రాయించుకోవడాన్ని నిషేధించడం వృథా. రాసిన ప్రతి వరుసా ఏం చేస్తుందో నోటితో చెప్పాలన్న నియమం పెట్టండి. ముఖ్యంగా, ఆ కోడ్ ఏ సీఆర్‌ఎస్‌లో లెక్కగడుతోందో చెప్పగలగాలి.

తొమ్మిదో అడుగు: పటం, నివేదిక, పోర్ట్‌ఫోలియో

రెండేళ్ల చివర విద్యార్థి చేతిలో మూడు పనులు ఉండాలి, పదిహేను కాదు. ఒకటి జిల్లాల విభజన మీదుగా సరిచేసిన జనాభా పట్టిక. రెండోది చెరువుదో వరదదో పంటదో ఒక ఉపగ్రహ అధ్యయనం, నేల మీద సరిచూసుకున్న లెక్కతో. మూడోది పోస్ట్‌జీఐఎస్ ప్రశ్నో పైథాన్ స్క్రిప్టో. వాటిని కోడ్, ఫైళ్లు అందరికీ కనిపించేలా దాచే గిట్‌హబ్ సైట్‌లో పెట్టాలి. ప్రతిదానికీ ఒక పేజీ: ప్రశ్న ఏమిటి, డేటా ఏ తేదీది, ఏ సీఆర్‌ఎస్, ఏం తేలింది, ఏది నమ్మలేం. ఈ చివరి భాగం రాయగలిగినవాళ్లను పనిలోకి తీసుకునేవాళ్లు గుర్తుపడతారు.

పటం ఇంగ్లిషులో ఒకటి, తెలుగులో ఒకటి గీయాలి. తెలుగు పటాన్ని ఆ గ్రామ పంచాయతీలో చూపించి, వాళ్లు ఏ తప్పు పట్టుకుంటారో రాసుకుని రావాలి. అలుగు స్థానం, పాత బండ్ల దారి, ఊరి పేరు స్థానికంగా పలికే తీరు ఏ పోర్టల్‌లోనూ దొరకవు. సరిచేసిన పేర్లు, దారులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చితే అందరికీ అందుతాయి, విద్యార్థి పేరు మీద కనిపించే పని చరిత్రా మిగులుతుంది.

ఇంగ్లిష్ గురించి: నెలకోసారి ప్రతి విద్యార్థీ తన పటం ముందు నిలబడి ఐదు నిమిషాలు ఇంగ్లిషులో మాట్లాడాలి, తోటివాళ్లు ప్రశ్నలు వేయాలి. తనకు బాగా తెలిసిన ఊరి గురించి మాట్లాడుతున్నప్పుడు భాష భయం సగం తగ్గుతుంది.

సెమిస్టర్ల వారీగా, పక్కన కోర్సులు, పరీక్షలు

మొదటి సెమిస్టర్లో మండలం ఎంపిక, ప్రొజెక్షన్లు, డిజిటైజింగ్. రెండో సెమిస్టర్లో సెన్సస్ పని, ఉపగ్రహ చిత్రాలు. ఆ వేసవిలో క్షేత్ర పరిశీలన, ఇంటర్న్‌షిప్. మూడో సెమిస్టర్లో రెవెన్యూ పటాలు, పోస్ట్‌జీఐఎస్, పైథాన్. నాలుగో సెమిస్టర్లో డిసర్టేషన్, పోర్ట్‌ఫోలియో, మాక్ ఇంటర్వ్యూలు. డిగ్రీ విద్యార్థులకైతే మూడు, నాలుగు, ఐదు అడుగులు చాలు.

దేహ్రాదూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్) ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. సిలబస్‌లో లేని విషయాలకు వాటిని వాడుకోండి, విభాగమంతా కలిసి చేరితే చర్చ కూడా నడుస్తుంది. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజనీరింగ్ పేపర్ ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లోని స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ కేంద్రం లాంటి చోట్ల ఎంటెక్ చదవాలనుకునేవాళ్లు ప్రవేశ అర్హతలు ముందే చూసుకోవాలి. ఫీజు కట్టించుకుని 'ఉద్యోగం గ్యారంటీ' అనే స్వల్పకాలిక శిక్షణల విషయంలో విద్యార్థులను హెచ్చరించండి. సర్టిఫికెట్ కంటే ఆ మూడు పనులే ఎక్కువ మాట్లాడతాయి.

ఆఫర్ వచ్చాక అడగాల్సిన ప్రశ్నలు కూడా నేర్పి పంపండి. ఏ ప్రాజెక్టు, ఏ సాఫ్ట్‌వేర్, షిఫ్టులు ఎలా ఉంటాయి, బాండ్ ఉందా, ప్రొడక్షన్ నుంచి విశ్లేషణ వైపు మారే అవకాశం ఎప్పుడు వస్తుంది? చేరిన ఆరు నెలలకు పూర్వ విద్యార్థులను పిలిచి, పనిలో ఏది తెలియక ఆగిపోయారో అడిగి రాసుకోండి. ఆ జాబితాతో వచ్చే ఏడాది ప్రాక్టికల్స్ మార్చండి. మార్చడానికి బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాకా వెళ్లాల్సిన అవసరం ఉండదు. ప్రాక్టికల్ పేరు అదే ఉంచి, నమూనా డేటా స్థానంలో విద్యార్థి మండలాన్ని పెడితే చాలు.